మేనరికాల లెక్క తీసిన హాల్డేన్

చిత్తూరు దగ్గర నీవా అంటారు. తమిళనాడులోకి వచ్చేసరికి పొన్నై అవుతుంది. ఆనక పాలారులో కలిసిపోతుంది. ఏరు సరిహద్దు దాటినట్టే సంబంధాలూ దాటుతుంటాయి. పొన్నై పిల్లను చిత్తూరు వైపు ఇస్తారు. గుడియాత్తం పిల్లోడికి పలమనేరు వైపు నుంచి పిల్లను తెచ్చుకుంటారు. అయితే ఎంతదూరం వెతకబోయినా చాలా ఇళ్లలో ముందు వినపడే మాట ఒకటే... అక్కకు కూతురుంది కదా, మేనత్తకు కొడుకున్నాడు కదా అని. ఆస్తి బయటికి పోదు, పిల్ల కళ్లెదుటే ఉంటుంది, పెట్టుపోతల దగ్గర పేచీ ఉండదు. ఇది పెద్దల లెక్క. ఇదే పెళ్లికి రక్తం లెక్క మరొకటుంది. దాన్ని కాగితమ్మీద వేసి చూపినవాళ్లలో ముందువరసలో నిలిచే మనిషి ఇంగ్లండులో పుట్టాడు, భారత పౌరుడిగా కన్నుమూశాడు. చనిపోయాక తన శరీరాన్ని మన కాకినాడకు రాసిచ్చాడు. ఆయనే జె.బి.ఎస్.హాల్డేన్.

జన్యుశాస్త్రం, శరీరధర్మ శాస్త్రం, రసాయనం, గణితం... ఏ గదిలోకి తొంగిచూసినా ఆయన అక్కడ ఏదో ఒకటి వదిలిపెట్టి వెళ్లినవాడే. అదంతా ఒక ఎత్తు. కూలిపని చేసుకునేవాడికి కూడా సైన్సు అర్థమయ్యేలా చెప్పాల్సిందేనని పట్టుబట్టి, వారం వారం పత్రికలకు రాస్తూ కూర్చోవడం మరో ఎత్తు.

గనిలో చెప్పిన పాఠం

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ కూడా పేరుమోసిన శాస్త్రవేత్తే. బొగ్గు గనుల్లో కూలీలు ఎందుకు చనిపోతున్నారో, ఏ వాయువు ఏం చేస్తోందో కనిపెట్టడం ఆయన పని. విషవాయువును ముందే పసిగట్టడానికి పంజరంలో చిన్న పిట్టను గనిలోకి తీసుకెళ్లమని సలహా ఇచ్చింది ఆయనే. కొడుకుని చిన్నప్పట్నుంచీ వెంటబెట్టుకు తిరిగేవాడు.

ఓసారి స్టాఫర్డ్‌షైర్‌లోని ఓ గనిలోకి దించాడు. ఒకచోట నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకం జూలియస్ సీజర్‌లో ఆంటోనీ చేసే ప్రసంగం అప్పజెప్పమన్నాడు. పిల్లాడు కొంచెం చెప్పాడో లేదో ఊపిరి అందలేదు. కాళ్లు తేలిపోయి కూలబడ్డాడు. చిత్రంగా, నేలమీద పడగానే మళ్లీ ఊపిరి ఆడింది. గనుల్లో ఊరే మీథేన్ వాయువు గాలి కన్నా తేలిక. పైకప్పు దగ్గర పేరుకుంటుంది. కింద గాలి బాగానే ఉంటుంది. పలకమీద రాసి చెబితే ఓ పూటలో మరిచిపోయే సంగతి, ఇలా చెబితే జన్మలో మరిచిపోడు. ఇప్పటి తల్లిదండ్రులు వింటే గుండె బాదుకుంటారేమోగానీ, ఆ పిల్లాడు మాత్రం ఆ పద్ధతినే బతుకంతా పట్టుకున్నాడు. తెలుసుకోవాలంటే ముందు తన ఒంటిమీదే చూసుకోవాలి!

ఈటన్ బడిలో చదివాడు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితంతో మొదలుపెట్టి గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రాల్లోకి మారాడు. ఇక్కడో తమాషా ఉంది. ఇరవయ్యో శతాబ్దపు పెద్ద జీవశాస్త్రవేత్తల్లో ఒకడైన ఈ మనిషికి సైన్సులో డిగ్రీ అంటూ ఏదీ లేదు. చెల్లెలు నయోమితో కలిసి ఇంట్లోనే గినీ పందుల్నీ, ఎలుకల్నీ పెంచి, ఏ రంగు తల్లికి ఏ రంగు పిల్లలు పుడుతున్నాయో రాసుకునేవాడు. కొన్ని లక్షణాలు విడివిడిగా కాక ఒకే మూటలో కట్టినట్టు కలిసి వస్తాయని ఆ ఎలుకల్లో తేలింది. పాలిచ్చే జంతువుల్లో ఈ సంగతి బయటపడటం అదే మొదలు. ఆ పరిశోధన వ్యాసం 1915లో అచ్చయ్యేనాటికి, అందులో పాలుపంచుకున్న మిత్రుడు ఏ.డి.స్ప్రంట్ మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. హాల్డేన్ కూడా అప్పటికి సైన్యంలోనే ఉన్నాడు.

అదే ఏడాది జర్మన్లు యుద్ధంలో క్లోరిన్ వాయువు వదిలారు. ముఖానికి కట్టుకునే ముసుగులు ఏ మేరకు పనిచేస్తాయో చూడాలని తండ్రీకొడుకులు క్లోరిన్ నింపిన గదిలోకి తామే వెళ్లి దగ్గుతూ, ఆయాసపడుతూ పరీక్షించారు. ఆ తర్వాత ఫ్రాన్సులో ఒకసారి, మెసపొటేమియాలో ఒకసారి గాయపడ్డాడు. రెండో గాయం మానడానికి ఆయన్ని ఇండియాకు పంపారు. దేశం బాగా నచ్చింది. కానీ ఇక్కడ తెల్లవాడిగా ఉండటం నచ్చలేదు. భారతీయులతో సరిసమానంగా కూర్చుని మాట్లాడగలిగే రోజు వస్తేనే మళ్లీ వస్తానని అనుకుని వెళ్లాడు. నలభై ఏళ్లు పట్టింది!

ఒళ్లే ప్రయోగశాల

యుద్ధం అయ్యాక ఆక్స్‌ఫర్డ్‌లో, 1923 నుంచి కేంబ్రిడ్జిలో పనిచేశాడు. రక్తంలో ఆమ్లం పెరిగితే శరీరం ఏం చేస్తుందన్నది అప్పట్లో ఆయన పట్టుకున్న ప్రశ్న. కుందేలుకు మందిచ్చి చూడొచ్చు. కానీ తలనొప్పిగా ఉందో, ఆయాసంగా ఉందో కుందేలు చెప్పలేదు కదా. అందుకని అమ్మోనియం క్లోరైడ్ నీళ్లలో కలుపుకొని తనే తాగేశాడు. రోజుల తరబడి రొప్పుతూ గడిపాడు. ఆ ప్రయోగం ఊరికే పోలేదు. చేతులు కాళ్లు కొంకర్లు పోయే జబ్బుతో బాధపడే పసిపిల్లల వైద్యంలో అదే ఉప్పు పనికొచ్చింది.

అన్నం మెతుకు నోట్లో కాసేపు నమిలితే తియ్యగా అవుతుంది. అది ఎంజైముల పని. ఆ పని ఎంత వేగంతో సాగుతుందో చెప్పే సూత్రాన్ని 1925లో బ్రిగ్స్‌తో కలిసి సరిదిద్దాడు. జీవరసాయన శాస్త్రం చదివే పిల్లలు ఇప్పటికీ దాన్ని నేర్చుకుంటూనే ఉన్నారు. ఇది ఒక దారి. మరో దారిలో డార్విన్ చెప్పిన ప్రకృతి వరణాన్ని గణితంలో పెట్టాడు. మాంచెస్టర్ ప్రాంతంలో ఫ్యాక్టరీల పొగకు చెట్ల మానులు నల్లబడ్డాయి. వాటిమీద వాలే రెక్కల పురుగుల్లో తెల్లవి పోయి నల్లవి మిగిలాయి. యాభై ఏళ్లలో ఇంత మార్పు రావాలంటే తెల్లదానికన్నా నల్లదానికి ఎంత ఎక్కువ బతికే వీలుండాలి? 1924లో ఆయన వేసిన లెక్కలో, దాదాపు ఒకటిన్నర రెట్లు అని తేలింది. అప్పట్లో అది మరీ ఎక్కువని చాలామంది అనుకున్నారు. 1950ల్లో అడవిలో పురుగుల్ని వదిలి, పిట్టలు వేటిని తింటున్నాయో లెక్కపెట్టినప్పుడు, వరణం నిజంగానే అంత బలంగా పనిచేస్తోందని తెలిసింది. రొనాల్డ్ ఫిషర్, సెవాల్ రైట్, హాల్డేన్... పరిణామ సిద్ధాంతానికి గణితంతో పునాది వేసింది ఈ ముగ్గురే.

భూమ్మీద మొదటి ప్రాణి ఎలా పుట్టిందన్న ప్రశ్న మీద 1929లో ఓ చిన్న వ్యాసం రాశాడు. ఆక్సిజన్ లేని ఆ కాలపు గాలిలో, ఎండ తాకిడికి సముద్రంలో రసాయనాలు పలచటి చారులా తయారై, అందులోంచే జీవం మొదలై ఉంటుందన్నది ఆయన ఊహ. అంతకుముందే రష్యాలో ఒపారిన్ ఇంచుమించు ఇదే మాట చెప్పాడు. ఇద్దరి పేర్లూ కలిపే చెప్పుకుంటారు. 1933లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి మారాక మనిషి జన్యువుల మీద పడ్డాడు. దెబ్బతగిలితే రక్తం గడ్డకట్టని హీమోఫీలియా జబ్బును తీసుకుని, ఓ జన్యువు ఎంత తరచుగా చెడిపోతుందో 1935లో అంచనా కట్టాడు.

అన్నిట్లోకీ ఒళ్లు గగుర్పొడిచేది జలాంతర్గామి కథ. 1939 జూన్ 1న లివర్‌పూల్ తీరాన థీటిస్ అనే కొత్త జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయారు. వారిలో చాలామంది దాన్ని కట్టిన కార్మికులే. కార్మిక సంఘాలు హాల్డేన్‌ను ఆశ్రయించాయి. ఆయన మరికొందరితో కలిసి ఇనప గదిలో బిగించుకుని పద్నాలుగు గంటలకు పైగా కూర్చున్నాడు. వదిలిన ఊపిరే మళ్లీ పీల్చుకుంటూ, ఆ చివరి గంటల్లో లోపలివాళ్లు ఎలా ఉండి ఉంటారో కనిపెట్టాడు. తర్వాత నౌకాదళం కోసం అధిక పీడనంలో, మంచుకట్టిన నీళ్లలో ప్రయోగాలు చేశాడు. ఆయనకు తర్వాత భార్య అయిన హెలెన్ స్పర్వే కూడా ఆ గదుల్లో కూర్చుంది. ఓసారి మూర్ఛ వచ్చి వెన్నుపూస నలిగింది. ఆ నొప్పి బతికున్నన్నాళ్లూ వదల్లేదు. కర్ణభేరికి చిల్లు పడింది. పొగతాగి, ఆ పొగను చెవిలోంచి వదిలి స్నేహితుల్ని నవ్వించేవాడట!

కూలీ చేతిలో సైన్సు

ఇంత పనిలో ఉన్నవాడికి పత్రికల్లో రాసే తీరికెక్కడిది? సాటి శాస్త్రవేత్తలు కొందరు అదేదో చవకబారు పని అన్నట్టే చూశారు. హాల్డేన్ అలా అనుకోలేదు. ప్రజల డబ్బుతో పరిశోధన చేసేవాడు ఆ ప్రజలకు లెక్క చెప్పాల్సిందేనన్నది ఆయన పట్టుదల. 1924లో వచ్చిన ‘డెడాలస్’ అనే చిన్న పుస్తకంతోనే పేరొచ్చింది. తల్లి కడుపులో కాకుండా బయట పిండాన్ని పెంచే రోజు వస్తుందని అందులో ఊహించాడు. పరీక్షనాళిక బిడ్డ 1978లో గానీ పుట్టలేదు. ఆ తర్వాత 1927లో ‘పాసిబుల్ వరల్డ్స్’ వచ్చింది. ఏ జంతువు ఎంత పరిమాణంలో ఉండాలి అన్న ప్రసిద్ధ వ్యాసం అందులోదే.

ఆ వ్యాసంలో సంగతి మనకు తెలిసిన బొమ్మతో చెప్పుకోవచ్చు. బకాసురుడు మామూలు మనిషికన్నా పదిరెట్లు పొడుగు అనుకుందాం. పొడుగుతోపాటు వెడల్పూ మందమూ కూడా పదేసి రెట్లవుతాయి. అంటే బరువు వెయ్యి రెట్లు. కానీ బరువు మోసే కాలి ఎముకను అడ్డంగా కోసి చూస్తే దాని వైశాల్యం వంద రెట్లే పెరిగింది. ప్రతి అంగుళం ఎముకా పదిరెట్లు బరువు మోయాలి. భీముడి దాకా అక్కర్లేదు, లేచి ఒక అడుగు వేస్తే బకాసురుడి తొడ ఎముక పుటుక్కున విరిగిపోతుంది! ఎలుక ఎంత లోతు బావిలో పడినా దులుపుకొని వెళ్లిపోవడానికీ, గుర్రం పడితే తునాతునకలు కావడానికీ కారణం ఈ లెక్కే. బడిలో ఘనపరిమాణం పాఠం చెప్పే అయ్యవారు దీన్నొక్కసారి చెబితే పిల్లలు మరిచిపోరు.

1937 నుంచి ‘డైలీ వర్కర్’ అనే కార్మికుల పత్రికకు రాయడం మొదలుపెట్టాడు. మొత్తం మూడు వందలకు పైగా వ్యాసాలు. రైల్లో రాసేవాడు, బస్సుకోసం నిలబడి రాసేవాడు. జలుబు, ఉప్పు, పాలు, బాంబులు, పిల్లులు, నక్షత్రాలు... ఏదొస్తే అది. అదే ఏడాది పిల్లలకోసం ‘మై ఫ్రెండ్ మిస్టర్ లీకీ’ అనే మాంత్రికుడి కథల పుస్తకం కూడా తెచ్చాడు.

జనానికి సైన్సు ఎలా రాయాలో కుర్ర రచయితలకు ఓ వ్యాసంలో చెప్పాడు. ఆయన మాటల సారం ఇదీ. తెలిసిందంతా కుమ్మరించొద్దు, రాసినదానికన్నా చాలా ఎక్కువ తెలిసుండాలి. చదివేవాడికి తెలిసిన వస్తువుతో మొదలుపెట్టు, అక్కణ్నుంచి తెలియని చోటికి చెయ్యిపట్టి తీసుకెళ్లు. వాక్యాలు పొట్టిగా ఉంచు. అయ్యాక సైన్సు తెలియని స్నేహితుడికి చూపించు. పరిశోధన వ్యాసాల్లోని బరువైన పదాల్ని తెలుగులోకి మార్చి పేర్చితే జనరంజక విజ్ఞానం అయిపోతుందనుకునే వాళ్లంతా ఓసారి చదవాల్సిన వ్యాసం అది.

మరి ఇంత నిక్కచ్చి మనిషీ ఒకచోట తడబడ్డాడు. ఆయన కమ్యూనిస్టు. 1942లో పార్టీలోనే చేరాడు. అప్పుడు సోవియట్ దేశంలో లైసెంకో అనే ఆయన, జన్యువులు అనేవే లేవన్నట్టు వాదించి స్టాలిన్ అండతో గద్దెనెక్కాడు. అసలైన జన్యుశాస్త్రవేత్తలు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1928లో హాల్డేన్‌ను ఆ దేశానికి ఆహ్వానించిన గొప్ప శాస్త్రవేత్త వావిలోవ్ 1943లో జైల్లోనే పోయాడు. ఇంగ్లండులోని తోటి శాస్త్రవేత్తలు లైసెంకోను ఖండిస్తుంటే, హాల్డేన్ మాత్రం అందులోనూ కొంత నిజముండొచ్చు అంటూ నీళ్లు నమిలాడు. లక్షలమంది తన మాట నమ్ముతారని తెలిసినవాడు ఆ సమయంలో అలా మెతగ్గా మాట్లాడటం చిన్న తప్పేమీ కాదు. చివరికి పార్టీకి దూరమయ్యాడు, పత్రికకు రాయడం 1950లో ఆగిపోయింది. అయితే ఆ మచ్చ మాత్రం పేరుమీద ఉండిపోయింది.

కోల్‌కతా నుంచి ఆంధ్రకు

1957లో హాల్డేన్ దంపతులు ఇంగ్లండు వదిలేశారు. అంతకుముందు ఏడాది సూయెజ్ కాలువ కోసం బ్రిటన్ ఈజిప్టు మీద దాడి చేయడం ఆయనకు అస్సలు నచ్చలేదు. మహలనోబిస్ పిలుపుమీద కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో చేరాడు. పంచె, కుర్తా కట్టాడు. మాంసం మానేశాడు. 1961లో భారత పౌరసత్వం తీసుకున్నాడు. ఆ ఏడాదే మహలనోబిస్‌తో పడక సంస్థ నుంచి బయటికొచ్చేశాడు కూడా. కోపిష్టి. మొహమాటం లేదు. తనకు అవమానం జరిగిందనుకుంటే గాంధీగారి పద్ధతిలో నిరాహార దీక్షకు కూడా కూర్చున్నాడు.

పేద దేశంలో పెద్ద యంత్రాల్లేకుండా సైన్సు ఎలా చేయాలి? ఈ ప్రశ్నకు హాల్డేన్ ఇచ్చిన జవాబే ఆయన ఇండియాకు చేసిన మేలు అనిపిస్తుంది. కళ్లుండాలి, లెక్కపెట్టే ఓపిక ఉండాలి, చాలు! టి.ఎ.డేవిస్ కొబ్బరి చెట్లను చూశాడు. కొన్నింటి మట్టలు ఎడమవైపు తిరుగుతూ పైకెళ్తాయి, కొన్ని కుడివైపు. ఎడమ తిరుగుడు చెట్లకు కాయలు కాస్త ఎక్కువని లెక్కతేల్చాడు. ఎస్.కె.రాయ్ తెల్లారి రాలిన పారిజాతం పూల రేకులు లెక్కపెట్టాడు. రెండు రకాల వరిని ఒకే మడిలో కలిపి నాటితే దిగుబడి ఏమవుతుందో చూశాడు. సురేశ్ జయకర్, హెలెన్ కలిసి తీతువు పిట్టలు గుడ్లు పొదిగే తీరును గమనించారు. జంతువును కోయకుండా, చంపకుండా చేసే పరిశోధన ఇది. మద్రాసు నుంచి వచ్చే ‘ది హిందూ’లో కూడా అప్పట్లో ఆయన వ్యాసాలు వచ్చేవి. మన వైపు మాస్టర్లకు, డాక్టర్లకు హాల్డేన్ పేరు తెలియడం ఆ వ్యాసాలతోనే.

ఇక్కడే మన తెలుగు కుర్రాడు వస్తాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ కోల్‌కతా వెళ్లి హాల్డేన్ శిష్యుడయ్యాడు. కొందరు మగవాళ్లకు చెవి అంచుమీద దట్టంగా వెంట్రుకలు మొలుస్తాయి. తన బంధువుల్లోనే అది చూసి, తండ్రి నుంచి కొడుక్కే వస్తోందని వంశవృక్షాలు గీసి 1960లో ప్రకటించాడు. మగవాళ్లలో మాత్రమే ఉండే వై క్రోమోజోము మీద ఆ జన్యువు ఉండాలన్నారు. (2004లో దక్షిణాది మగవాళ్ల డీఎన్ఏ పరీక్షించినప్పుడు అది నిలబడలేదు. సైన్సులో అది మామూలే.) ఆ తర్వాత పట్టుకున్నదే చుట్టరికం పెళ్లిళ్ల సంగతి. ద్రోణంరాజు, మీరాఖాన్ కలిసి ఆంధ్రాలో ఎంతమంది మేనరికం చేసుకుంటున్నారో, పిల్లల మీద ప్రభావమేంటో లెక్కలు తీసి 1960ల మొదట్లో ప్రచురించారు. హాల్డేన్‌కు ఈ విషయం కొత్త కాదు. లండన్‌లో ఉండగానే, 1939లో, చుట్టాల పెళ్లిళ్ల గణితం మీద మొషిన్‌స్కీతో కలిసి వ్యాసం రాశాడు. కానీ అక్క కూతురిని చేసుకోవడం ఇంగ్లండులో చట్టరీత్యా కుదరదు. ఇక్కడ అది ప్రతి ఊళ్లోనూ ఉంది. 1964లో ఇటలీ జన్యుశాస్త్రవేత్త సినిస్కాల్కోతో కలిసి హాల్డేన్ స్వయంగా ఆంధ్రప్రదేశ్‌లో తిరిగాడు.

రూపాయిలో రెండణాలు

ఈ గణితాన్ని పాత రూపాయితో చెప్పుకుంటే సులువు. రూపాయికి పదహారు అణాలు. మనలో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మేనమామ, అక్క కూతురు పెళ్లాడితే పుట్టే బిడ్డకు ఆ రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి దిగివచ్చినవి కావడానికి రూపాయిలో రెండణాల వంతు అవకాశం ఉంది. అంటే ఎనిమిదింట ఒక వంతు. మేనత్త మేనమామ బిడ్డల పెళ్లయితే అణా వంతు, అంటే పదహారింట ఒకటి.

అయితే ఏమిటట? ఒకే ప్రతి చెడితే చాలా జబ్బులు బయటపడవు. రెండో ప్రతి కాపుకాస్తుంది. రెండూ చెడితేనే జబ్బు. ఓ ఉదాహరణ చూద్దాం. తాతలో అలాంటి చెడు ప్రతి ఒకటి దాగి ఉంది. అది కొడుక్కి రావడానికి రెండింట ఒక అవకాశం. కూతురి ద్వారా మనవరాలికి రావడానికి నాలుగింట ఒకటి. ఆ కొడుకూ ఆ మనవరాలూ పెళ్లాడితే ఇద్దరిలోనూ అది ఉండటానికి ఎనిమిదింట ఒకటి, బిడ్డకు జబ్బు రావడానికి ముప్ఫైరెండింట ఒకటి. అదే ఆ కొడుకు బయటి పిల్లను చేసుకున్నాడు, ఊళ్లో వందలో ఒకరికి ఆ చెడు ప్రతి ఉందనుకుంటే, బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం ఎనిమిది వందల్లో ఒకటే. తేడా ఇరవై అయిదు రెట్లు.

ఇది చదివి మేనరికం చేసుకున్నవాళ్లు బెంబేలెత్తిపోనక్కర్లేదు. ఎందుకంటే తాతలో ఆ చెడు ప్రతి లేకపోతే ఈ లెక్కకు పనేలేదు. వేలూరు సీఎంసీ ఆసుపత్రి పరిశోధకులు పి.ఎస్.ఎస్.రావు, ఎస్.జి.ఇన్బరాజ్ మన ఉత్తర ఆర్కాడు జిల్లాలోనే వేలాది పెళ్లిళ్లను పరిశీలించారు. 1977లో ఆ ఫలితాలు వచ్చాయి. పల్లెల్లో దాదాపు సగం పెళ్లిళ్లు చుట్టాల్లోనివే. పట్టణంలో మూడోవంతుకు లోపే. బయటి పెళ్లిళ్లతో పోలిస్తే గర్భస్రావాల్లో, బిడ్డల చావుల్లో చెప్పుకోదగ్గ తేడా వారికి కనబడలేదు. వందల ఏళ్లుగా ఇదే ఆచారం ఉండటంతో చెడు జన్యువులు కొన్ని ఎప్పుడో ఏరివేతకు గురై ఉంటాయని ఎల్.డి.సంఘ్వి 1966లోనే అన్నాడు. ఏరివేత అంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి. ఆ జబ్బుతో పుట్టిన పిల్లలు తరతరాలుగా పెరగకుండానే పోయారని అర్థం. ఆ తల్లుల కడుపుకోత ఏ లెక్కలోనూ కనబడదు. తర్వాత పలు దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మేనత్త మేనమామ బిడ్డల వరస పెళ్లిళ్లలో బిడ్డల మరణాలు నూటికి మూడు నాలుగు ఎక్కువగా తేలాయి. నూటికి తొంభై ఆరు మందికి ఆ ఇబ్బంది లేదని కూడా దీన్నే చదువుకోవచ్చు. కానీ ఆ నలుగురిలో మన బిడ్డ ఉంటే?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కూడా తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ రెండుచోట్లా చుట్టరికం పెళ్లిళ్లు నూటికి పాతిక దాటే ఉన్నాయి. అందుకే ఇంట్లో పుట్టు చెవుడో, తలసీమియానో, పసిబిడ్డల చావులో ఉన్నప్పుడు ముహూర్తానికి ముందే డాక్టరుతో మాట్లాడటం మంచిది. తలసీమియా సంగతిలోనూ హాల్డేన్ చెయ్యి ఉంది. ఆ చెడు ప్రతి ఒక్కటే ఉన్నవాళ్లను మలేరియా అంతగా చంపలేదనీ, మలేరియా ఉన్న ప్రాంతాల్లో ఆ జన్యువు పోకుండా నిలిచింది అందుకేననీ 1949లో అచ్చయిన ప్రసంగంలో ఊహించాడు. అప్పటికి రుజువు లేదు. తర్వాత దొరికింది. రెండు ప్రతులూ చెడిన పిల్లలకు నెల నెలా రక్తం ఎక్కించాలి, లేదా ఎముక మజ్జ మార్చాలి. వేలూరు సీఎంసీలో ఆ మజ్జ మార్పిడి 1986లో మొదలైంది.

కాకినాడకు చేరిన దేహం

1962లో ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ పిలిస్తే హాల్డేన్ భువనేశ్వర్ వెళ్లి అక్కడ జన్యుశాస్త్ర ప్రయోగశాల పెట్టాడు. ఎక్కువకాలం పనిచేయలేకపోయాడు. 1964 మొదట్లో పెద్దపేగు చివర క్యాన్సర్ అని తేలింది. లండన్‌లో ఆపరేషన్ జరిగింది. మంచమ్మీద పడుకుని ఆ జబ్బు మీద హాస్య పద్యం రాసి పత్రికకు పంపాడు. అనుమానం రాగానే సిగ్గుపడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండని అందులో జనానికి చెప్పాడు. కొందరికి అది రుచించలేదు. చావుతో వేళాకోళమేంటన్నారు. చివరి రోజుల్లోనూ జనానికి పనికొచ్చే ముక్క ఒకటి చెప్పి పోవాలన్నదే ఆయన తాపత్రయం. తన సంతాప ప్రసంగాన్ని బీబీసీ కోసం తనే ముందుగా రికార్డు చేసి పెట్టాడు.

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన శరీరాన్ని బతికుండగా ప్రయోగాలకు వాడుకున్నాడు కాబట్టి, పోయాక కూడా అది చదువుకునేవాళ్లకే పనికిరావాలని వీలునామా రాసుకున్నాడు. ఆ ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. గనిలో ఊపిరాడక కూలబడి, క్లోరిన్ పీల్చి, ఆమ్లం తాగి, వెన్నుపూస నలగ్గొట్టుకున్న ఆ ఒంటిమీద తెలుగు విద్యార్థులు శరీర నిర్మాణ శాస్త్రం నేర్చుకున్నారు.